మూడు డిస్కులూ ఒక తెలుగు కీబోర్డూ

నారాయణగూడ సందులో మెట్లెక్కి పైకొస్తే మా టైపు ఇన్‌స్టిట్యూట్. ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు లోయర్, హయ్యర్ పరీక్షలకు టైపు నేర్పాను. టైపు మిషన్లకు కాలం చెల్లాక నాలుగు పాత కంప్యూటర్లు తెచ్చి పెట్టాను. వాటిలో లినక్స్ ఎక్కించిన అబ్బాయి నా పాత శిష్యుడే. "వైరస్ బాధ ఉండదు సార్" అన్నాడు, సరే కానీయమన్నాను. లినక్స్ అంటే ఏమిటో అప్పుడూ తెలియదు, ఇప్పుడూ సగమే తెలుసు. ఇంటర్నెట్ మాత్రం నేనే పీకించేశాను. పాఠం కొట్టమంటే వీడియోలు చూసుకుంటూ కూర్చుంటే ఒళ్లు మండదా మరి?

తెలుగు కీబోర్డు ఆ నాలుగింట్లో ఒక్కదానిలోనే ఉండేది. సరిగ్గా ఆ కంప్యూటరే ఒకనాడు టప్పుమని చచ్చి ఊరుకుంది. అదీ ఎప్పుడు? అశోక్ నగర్ హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మా విద్యార్థిని టైపింగ్ పరీక్షకు ఇంకా ఐదు రోజులుందనగా. సర్కారు టైపిస్టు ఉద్యోగం. రాతపరీక్ష గట్టెక్కింది. ఇచ్చిన సమయంలో ఇచ్చిన తెలుగు పేజీ మొత్తం కొట్టేస్తే ఉద్యోగం చేతికొచ్చినట్టే. వయసు నిబంధన ప్రకారం ఆమెకు ఇదే ఆఖరి అవకాశం.

"సార్, చిక్కడపల్లిల లైబ్రరీ పక్క గల్లీల ఇంకో సెంటరుందట. ఈ అయిదు దినాలు ఆడ కొట్టుకోనా?" అని మెల్లగా అడిగింది.

నాకు చురుక్కుమంది. అఆల నుంచి నా దగ్గర నేర్చుకున్న పిల్ల, ఆఖర్న ఇంకొకరి దగ్గరికి పోవడమేమిటి?

"ఏం అవసరం లేదమ్మా. రేపటికల్లా ఇంకో దాంట్ల తెలుగు పెడత. నువ్వు పరేషాన్ గాకు" అన్నాను. నా మాట మీద ఆగిపోయింది.

లినక్స్ ఎక్కించిన అబ్బాయి ఇప్పుడు పుణెలో ఉంటున్నాడు. ఫోన్ చేశాను.

"నెట్ లేకున్నా అయితది సార్. మీ బీరువాల మూడు డిస్కులు పెట్టిన చూడుండ్రి. తెలుగు ప్యాకేజీ అందులనే ఉంది. డిస్కు పెట్టి, నేను రాసిచ్చిన కాగితం చూసి కొట్టుండ్రి, అంతే."

ప్యాకేజీ అంటే కావలసిన ఫైళ్లన్నీ కలిపి కట్టిన మూట అని కూడా చెప్పాడు. మూట అంటే నాకు అర్థమైంది. మిగతాదేదీ కాలేదు.

కాగితం మీద ఆరే ఆరు లైన్లు. డిస్కును కంప్యూటరుకు చూపించేది, పాస్‌వర్డు, ఒక ఉత్త ఎంటరు, మూట విప్పించేది, కీబోర్డును తెలుగుకు మార్చేది, చివర్న కంప్యూటరును ఆపి మళ్లీ లేపేది. మొదటి డిస్కు పెట్టి, ఆరూ గుక్క తిప్పుకోకుండా కొట్టాను. ఒక్క తప్పు లేదు. కంప్యూటరు ఆగింది, మళ్లీ లేచింది. తెలుగు లేదు.

రెండో డిస్కు పెట్టాను. లేదు. మూడోది పెట్టాను. ఊహూ. మొదటిదాన్నే బయటికి తీసి జేబురుమాలుతో తుడిచి మళ్లీ పెట్టాను. అదే కథ. పుణెకు మళ్లీ ఫోన్.

"డిస్కు చదువుతుందా సార్?"

"డిస్కు చదువుడేందయ్యా? గుయ్యిమని తిరుగుతుంది."

"తిరిగితే రావాలె గదా సార్!"

"రాలేదనే గదా మొత్తుకుంటున్న!"

అతనికీ బుర్ర పనిచేయలేదు, నాకూ పనిచేయలేదు. అలా మూడు రోజులు గడిచాయి. ఆ అమ్మాయి రోజూ పొద్దున్నే వచ్చి నా పక్కన కూర్చునేది. ఒక అట్టముక్క మీద పెన్నుతో కీబోర్డు గీసుకుని, దాని మీదే వేళ్లు ఆడించేది. నాకు చూడబుద్ధి కాలేదు. చిక్కడపల్లి పొమ్మని ఒక్క మాట అంటే అయిపోయేది. నోటిదాకా వచ్చింది, మింగేశాను.

నాలుగో రోజు మధ్యాహ్నం పుణె అబ్బాయి, "ఫోన్ పెట్టకుండ్రి సార్, మీరు కొడుతుంటే నేను వింట" అన్నాడు. ఫోన్ ఒక చేత పట్టుకుని ఒంటి చేత్తో టైపు కొట్టడం నా వల్ల కాదు, పది వేళ్ల మనిషిని. అందుకని అమ్మాయిని కూర్చోబెట్టి, కాగితం చూసి నేను చదవడం మొదలుపెట్టాను. నాలుగు లైన్లయ్యాయి. ఐదోది చదివితే టకటక వినపడలేదు.

"ఆగినవేందమ్మా?"

"అది ఏందో అడుగుతుంది సార్."

తలెత్తి చూశాను. నిజమే, అడుగుతోంది. కొనసాగించమంటారా, వద్దా అని ఇంగ్లీషులో అడుగుతోంది. సరేనంటే వై అక్షరం నొక్కాలట.

"ఔ సార్, అది అడుగుతది. చూసి ఎవరైనా నొక్కుతరు గదా అని కాగితంల రాయలే" అన్నాడు ఫోనులో అబ్బాయి.

ఎవరైనా నొక్కుతారు, టైపు మాస్టారు తప్ప. కాగితం మీది నుంచి కళ్లు తిప్పకుండా కొట్టడమే మా విద్య. తలెత్తిన పిల్లల వేళ్ల మీద స్కేలుతో వేసినవాణ్ని నేను. నాలుగు రోజులుగా అది అడుగుతుంటే, జవాబివ్వకుండా కింది లైను కొట్టేస్తున్నాను. ఆ లైనునే అది జవాబనుకుంది. అందులో వై లేదు గనుక, వద్దన్నారేమోనని మూట విప్పకుండా వదిలేసింది.

అమ్మాయి వై నొక్కింది. లైన్లు గబగబా పరుగెత్తాయి. మిగిలిన రెండు లైన్లూ కొట్టాక కంప్యూటరు ఆగి లేచింది. వేలు పెట్టగానే తెలుగు అక్షరం పడింది. ఆ పూటా, మర్నాడు రోజంతా ఆమె కుర్చీలోంచి లేవలేదు. టీ తెప్పిస్తే అలాగే చల్లారిపోయింది.

పరీక్ష అయిన సాయంత్రం నేరుగా నా దగ్గరికే వచ్చింది. ముఖం చూస్తేనే తెలిసింది.

"మూడు లైన్లు మిగిలిపోయినయి సార్."

ఆ మూడు లైన్లు ఎక్కడ పోయాయో నాకు తెలుసు. నా పౌరుషం తినేసింది. రోజూ నా పక్కనే కూర్చున్న పిల్ల కదా అని అడిగాను.

"ఆ ప్రశ్న మొదటి దినమే చూసినవా అమ్మా?"

"చూసిన సార్."

"మరి చెప్పకపోతివి?"

కొంగు సరిచేసుకుంటూ నేల చూపులు చూసింది.

"మీరు చూడకుండ ఎందుకుంటరు సార్? జవాబియ్యకుండ పోతున్నరంటే నేనే తప్పు చదువుతున్ననేమో అనుకున్న. నాది తెలుగు మీడియం గదా."

"సరిగ్గనే చదివినవమ్మా" అన్నాను.