కోట కోసం వేసిన రీలు

మా బాబాయిది రాజమండ్రిలో ఫోటో స్టూడియో. అందరూ కలర్‌కి మారినా, ఆదివారాలు మాత్రం బ్లాక్ అండ్ వైట్ రీలు వేసి పాత కోట గోడను ఫోటో తీసేవారు. "నలుపు నల్లగా, తెలుపు తెల్లగా రావాలి. మధ్యలో బూడిదరంగు ఉండకూడదు" అనేవారు. బటన్ నొక్కేముందు పెళ్లివారితో అన్నట్టే గోడతోనూ "కదలకండీ" అనేవారు.

"గోడెక్కడికి పోద్ది బాబాయ్?" అంటే, "మనకంటే పెద్దదిరా. చెప్పి తియ్యాలి" అన్నారు.

ఆయన పోయినరోజు కుర్చీలో కూర్చోబెట్టి, దండ వేసి, ఆఖరి ఫోటో తియ్యమని ఆయన కెమెరానే నా చేతికిచ్చారు. అందులో కోట కోసం వేసిన రీలే ఉంది. నాకు ఏడుపు రాలేదు. ఆయనలాగే "కదలకండి బాబాయ్" అన్నాను.

తల వాలిపోకుండా వెనకనుంచి పట్టుకున్న పిన్ని, "కదలర్లేరా, తియ్యి" అంది.

రీలు కడిగి చూస్తే, ఆయన కదల్లేదు. పిన్ని వేళ్లే బూడిదరంగులో అలుక్కుపోయాయి.