బాన్సువాడ నుంచి అంగారకుడికి

ఆ రోజుల్లో మాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. పదో తరగతిలో ఉన్నంత జ్ఞానం మనిషికి మళ్ళీ జీవితంలో రాదని నా అనుభవం. అమెరికా వాళ్ళ యంత్రం ఏదో అంగారకుడి మీద దిగి, మట్టి తోడి, అందులో ప్రాణం ఉందేమోనని వెతుకుతోందని రేడియోలో విన్న మర్నాడే, "గంతేనా! మనం గూడ చేద్దాం" అనేశాను. బాన్సువాడలో అంత మాట అన్న మొదటి మనిషిని నేనే (రెండో మనిషి ఇప్పటికీ కనబడలేదు).

నిజామాబాదులో జరిగే సైన్సు ప్రదర్శనకు మా ఊరి నుంచి ఎప్పుడూ మగపిల్లల బడి వాళ్ళే వెళ్ళేవాళ్ళు. ఆ యేడు మా పెద్ద టీచరమ్మ కాళ్ళావేళ్ళా పడి ఆడపిల్లల బడి తరఫున మమ్మల్ని తీసుకెళ్ళడానికి ఒప్పించాం. ఆవిడ ఒప్పుకుంటూనే మా మెడ మీద కత్తి పెట్టింది. "తీస్కపోత. గానీ ఆడ నలుగురిల నవ్వులపాలు జేసిండ్రనుకో, ఇగ వచ్చే యేడు సంది ఒక్క పిల్లను గూడ పంపియ్య. సమజైందా?" నా ఒక్కదాని పరువే అయితే ఫికరు లేదు. తొమ్మిదో తరగతి పిల్లలు వచ్చే యేడు తాము ఏం చెయ్యాలా అని అప్పుడే కొట్లాడుకుంటున్నారు. వాళ్ళ ముఖాలు చూస్తే నాకు అన్నం సయించేది కాదు.

రేడియోలు బాగుచేసే మా అన్న, పాత టేపురికార్డరు మోటారుతో నాలుగు చక్రాల బండి చేసిచ్చాడు. స్విచ్చి నొక్కితే అది గుర్రుమంటూ నడిచి, చెంచాతో మట్టి తోడి సీసాలో పోసేది. సీసాలో చిన్న గిన్నె, గిన్నెలో సున్నపు తేట. మూత పెట్టి ఉంచితే, లోపల ఊపిరి తీసేదేదైనా ఉంటే తేట తెల్లబడుతుంది, లేకపోతే అలాగే ఉంటుంది. అంగారకుడి మీద మట్టి ఎర్రగా ఉంటుందట కాబట్టి, గుట్ట దగ్గర ఎర్రమన్ను తవ్వి తెచ్చే పని నా నేస్తానికి అప్పగించాం. కాలువ కింద భూములు కొనుక్కుని కోస్తా నుంచి వచ్చిన వాళ్ళమ్మాయి. మేమంతా 'గుంటూరు పిల్ల' అనేవాళ్ళం (వాళ్ళది గోదావరి జిల్లా, ఆ తేడా మాకెక్కడ తెలుసు!). ఒక గోనెసంచి నిండా తెచ్చేసింది.

ప్రదర్శన రోజు పొద్దున్నే బండి నడిపి, సీసా నింపి, మూత బిగించాం. మధ్యాహ్నం న్యాయనిర్ణేతగా ఒక కాలేజీ లెక్చరరుగారు వచ్చారు. నేను గొంతు సవరించుకుని బట్టీ పట్టిన ఉపన్యాసం ఎత్తుకున్నాను. "కావున అంగారకుడి మీద ప్రాణం లేదని మా యంత్రము..."

"ఆగు బిడ్డా," అన్నారాయన. "నీ తేట తెల్లగైంది గదా?"

చూద్దును కదా, గిన్నెలో పాలు పోసినట్టుంది! గుంటూరు పిల్ల నా చెవిలో గొణిగింది: "ఏమేవ్, అది మొలక కట్టిన సంచేనే. నాన్న వడ్లు నానబెట్టి అందులోనే మొలకెత్తించి, నారుమడిలో చల్లేసి, ఖాళీ సంచి గట్టు మీద పడేస్తే తెచ్చేశాను. దులిపానే, ఒట్టు!" యాసంగి పంటకు, అంటే రెండో పంటకు, నార్లు పోసే రోజులు మరి. సంచి మూలల్లో మిగిలిన మొలకలన్నీ అంగారకుడిలో కలిసిపోయాయి. అవే సీసాలో హాయిగా ఊపిరి తీస్తున్నాయి.

పక్క బల్ల దగ్గర మా ఊరి మగపిల్లలు కిసుక్కుమన్నారు. పెద్ద టీచరమ్మ ముఖం మాడిపోయింది. నాకు భయం వెయ్యలేదు, ఒళ్ళుమండింది. ఏం, బండి తన పని తాను చేసింది కదా?

"మా మిషిన్ తప్పు చెప్పది సార్! మట్టిల ప్రాణం ఉన్నది. మీరే దేవులాడి చూడుండ్రి!"

ఆయన మట్టిని కాగితం మీద కుమ్మరించి పెన్నుతో కెలికారు. తెల్లటి మొలకలతో వడ్ల గింజలు బయటపడ్డాయి. హాలంతా గొల్లుమంది. ఆయన మాత్రం నవ్వలేదు.

"ఎందుకు నవ్వుతుండ్రు? పొద్దుగాల సంది చూస్తున్న. అన్ని మిషిన్లు జేసినోళ్ళకు ఎరుకున్నదే చెప్పినయి. జేసినోళ్ళకే తెల్వంది చెప్పింది గిదొక్కటే!"

మొదటి బహుమతి మాదే! గుంటూరు పిల్ల నన్ను ఎత్తుకుని గిర్రున తిప్పింది. మగపిల్లల ముఖాలు చూడవలసిందే (నేను తనివితీరా చూశాను). తిరుగు బస్సులో పెద్ద టీచరమ్మ బహుమతి కప్పును ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వర్ని దాటాక నావైపు తిరిగి, "వచ్చే యేడు ఎంతమందిని తీస్కపోదామే?" అంది. నేను తలతిప్పుకుని కిటికీలోంచి చూస్తూ ఏడ్చేశాను.

ఇప్పుడు నేను కూరగాయల అంగడిలో ధర ఎక్కువ చెప్పినా నోరెత్తను, ఎందుకొచ్చిన గొడవ అని సర్దుకుపోతాను. అలాంటప్పుడు ఆ లంగావోణీ పిల్ల, అంతమంది నవ్వుతుంటే గడ్డం పైకెత్తి నిలబడ్డ పిల్ల గుర్తొస్తుంది. అది నేనేనంటే మా మనవరాలు నమ్మదు. నిజం చెప్పొద్దూ, నాకూ నమ్మబుద్ధి కాదు.