వాసన తెలియని గ్యాసు మేస్త్రి

ఆ పేటలో గ్యాసు పని చేసేవాళ్లు నలుగురైదుగురు ఉన్నా, సబ్బు మేస్త్రి అంటే ఆయనొక్కడే. పైపు బిగించాక ప్రతి అతుకు మీదా కుంచెతో సబ్బునురగ రాసి, చేతులు వెనక్కి కట్టుకుని, బుడగ లేస్తుందేమోనని చూస్తూ నిలబడేవాడు. మిగతావాళ్లు అర నిమిషం చూస్తే ఆయన ఐదు నిమిషాలు చూసేవాడు. "మేస్త్రి గారూ, అది పైపండీ, పసిపిల్ల కాదు. స్నానం ఇక చాలు" అని ఇళ్లలో ఆడవాళ్లు నవ్వేవారు. ఆయనా నవ్వి, మళ్లీ కుంచె ముంచేవాడు.

ఆ ఐదు నిమిషాల వెనక ఒక సంగతి ఉంది. అది ఆయన భార్యకు తప్ప ఎవరికీ తెలియదు.

నాలుగేళ్ల కిందట ఆయన జ్వరంతో పది రోజులు మంచమెక్కాడు. లేచిన వారానికి, ఒక మధ్యాహ్నం ముందుగదిలో పేపరు చదువుకుంటుంటే, బయటినుంచి వచ్చిన భార్య చెప్పులైనా విడవకుండా వంటింట్లోకి పరుగెత్తింది. పొయ్యి మీద పాలగిన్నె అడుగంటి నల్లగా మాడిపోయింది.

"ఏమండీ, వీధి చివరికి కొడుతోంది మాడు వాసన! మీ ముక్కు ఎక్కడ పెట్టుకున్నారు?"

"ముఖం మీదే ఉంది" అన్నాడాయన. ముక్కు తడుముకుని, "పనిచేస్తున్నట్టు లేదు" అన్నాడు.

డాక్టరు ముక్కులోకి లైటు వేసి చూసి, వాసన పట్టే శక్తి తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. రాలేదు. అప్పటికి ముప్పై ఏళ్లుగా ఆయన చేస్తున్నది గ్యాసు పనే. గ్యాసులో వాసన కలిపేదే, కారితే మనిషి పసిగట్టడం కోసం. ఆ వాసనే తెలియనివాణ్ని ఎవరు పిలుస్తారు? అందుకని నోరు మెదపలేదు. పైపులో ఒత్తిడి వెంట్రుకవాసి తగ్గినా చూపించే మంచి గేజు ఒకటి కొనుక్కున్నాడు. సబ్బునురగ దగ్గర నిలబడే సమయం పెంచాడు. ఏటా లైసెన్సు కాగితం మీద కళ్ల గురించి, చెవుల గురించి అడిగినవాటికి నిజమే రాశాడు. ముక్కు గురించి వాళ్లు అడగలేదు, ఈయన చెప్పలేదు. అడగనిది చెప్పకపోవడం అబద్ధం కాదని తనకు తాను సర్దిచెప్పుకునేవాడు గానీ, ఆ మాట ఆయనకే సరిగ్గా మింగుడు పడేది కాదు.

అలాంటి రోజుల్లో మేట్రన్ గారు కబురు పెట్టింది. పెద్దాసుపత్రిలో నర్సులందరినీ గడగడలాడించి, ఈమధ్యే రిటైరైన మనిషి. భర్త పోయి చాలా కాలమైంది. ఇక తీరిగ్గా రొట్టెలు, కేకులు చేసుకుంటానని గ్యాసు ఓవెన్ ఒకటి తెప్పించుకుంది. మోకాళ్లు వంగవు గనక, దాన్ని నేలమీద కాకుండా అలమరలో నడుమెత్తున అమర్చాలి. ఆ అలమర చేసింది ఆమె మరిది. పక్కవీధిలో వడ్రంగి.

మేస్త్రి వెళ్లేసరికి వంటింట్లో మరిది అలమర పక్కన పెళ్లికొడుకు తండ్రిలా నిలబడి ఉన్నాడు. తలుపులకు అద్దంలాంటి పాలిష్. ఓవెన్ కొలతకు మధ్యలో గూడు.

"చూసుకోండి మేస్త్రి గారూ. వెనకా ముందూ ఎక్కడా సందు లేదు. చీమ దూరితే నా చెవి కోసిస్తాను."

మేస్త్రి గూడు లోపల చెయ్యి పెట్టి తడిమాడు. అడుగు పలకను పిడికిలితో తట్టి చూశాడు. ఓవెన్‌తోపాటు వచ్చిన పుస్తకం తీసి, కళ్లజోడు పెట్టుకుని, టేపుతో కొలుస్తూ రెండు పేజీలు చదివాడు.

"పనితనానికి వంక పెట్టలేను. బరువుకి కూడా ఆగుతుంది. కానీ ఇందులో ఓవెన్ పెట్టను."

మరిది ముఖం వాడిపోయింది. "ఏం, ఎందుకని?"

"మీరు చెప్పిన చీమ కోసమేనండీ. దానికి దారి లేకపోతే గాలికీ దారి లేదు. లోపల మంట మండాలంటే గాలి కావాలి, వేడి బయటికి పోవాలి. ఈ వెనక పలక తీసెయ్యాలి. కింద ఒక సందు, పైన ఒక సందు కొయ్యాలి, ఎంతో ఈ పుస్తకంలో ఉంది. ఇంకోటి, గ్యాసు కట్టే వాల్వ్ ఈ గూడు వెనక గోడకుంది. రేపు ఏదన్నా అయితే ఓవెన్‌ని ఊడబీకి గానీ గ్యాసు కట్టలేరు. మంట ఎదురుగా పెట్టుకుని స్క్రూలు విప్పుతారా? వాల్వ్ పక్క అరలోకి రావాలి, చెయ్యి చాపితే అందాలి."

"ఆరు వారాలు చేశానండీ దీన్ని!" అన్నాడు మరిది. "రంపం పెట్టమంటారా దీనికి? వదినా, నువ్వైనా చెప్పు."

వదిన కుర్చీలో కూర్చుని మోకాలు రుద్దుకుంటోంది. "ముప్పై ఐదేళ్లు మనుషుల్ని కొయ్యడం చూశానయ్యా. నీ అలమరకి మత్తుమందు కూడా అక్కర్లేదు. కొయ్యి."

మరిది మూతి ముడుచుకునే రంపం తీశాడు. కోపంలో కూడా చెయ్యి వంకర పోని మనిషి. మేస్త్రి పెన్సిల్‌తో గీసిన గీత మీదే కోసి, అంచులు గరుకుకాగితంతో నున్నగా రుద్దాడు. ఈలోపు మేస్త్రి బయట మీటరు దగ్గర గ్యాసు కట్టేశాడు, కరెంటు తీయించాడు, కిటికీలు రెండూ బార్లా తెరిచాడు. ఓవెన్ వెనక అంటించిన కాగితం చూసి, అది ఈ ఇంట్లో వచ్చే గ్యాసుకు తగినదేనని సరిచూసుకున్నాడు. పాత వాల్వ్ తీసి, పైపును పక్క అరలోకి మళ్లించి, అక్కడ కొత్తది బిగించాడు. ఓవెన్‌కు గ్యాసు కోసమే చేసిన కొత్త ఉక్కు గొట్టం తగిలించాడు. అది ఎక్కడా మడత పడకుండా, వేడి తగలకుండా చూశాడు. అప్పుడు గేజు పెట్టి, పైపులోకి గ్యాసు వదిలి, మళ్లీ మీటరు దగ్గర కట్టేసి, ముల్లు కేసి చూస్తూ నిలబడ్డాడు.

ముల్లు కొంచెం జారింది. మళ్లీ గ్యాసు వదిలి చూశాడు. మళ్లీ జారింది. గ్యాసు ఎక్కడో పోతోంది.

తను బిగించిన అతుకులన్నిటికీ నురగ రాశాడు. ఒక్క బుడగ లేదు.

"వాసనేం రావట్లేదు కదా" అన్నాడు మరిది. "మీ గేజే ముసలిదైపోయింది."

మేట్రన్ గారు లేచి వచ్చి గాలి పీల్చింది. "నాకూ రావట్లేదు. మీకేమైనా వస్తోందా మేస్త్రి గారూ?"

లేదంటే సరిపోయేది. అది నిజం కూడా. కానీ ఆ నిజం వెనక ఇంకేం దాక్కుని ఉందో ఆయనకు తెలుసు. కుంచె పక్కన పెట్టాడు.

"నాకు రాదండీ. నాలుగేళ్లుగా ఏ వాసనా తెలియదు."

మరిది అందుకున్నాడు. "ముక్కు పనిచెయ్యనివాడివి గ్యాసు పనికెలా వచ్చావయ్యా? బంగారంలాంటి అలమర కోయించి మరీ ఇప్పుడా చెప్పేది?"

మేట్రన్ గారు చెయ్యెత్తి అతన్ని ఆపింది. "జ్వరం తర్వాతా?"

"అవునండీ."

"గుమ్మంలోనే చెప్పాల్సింది."

"చెప్పాల్సింది. తప్పు నాదే. ఇంకొకర్ని పిలిపించుకోండి, నేనేం అనుకోను. కానీ వాళ్లొచ్చేదాకా మీటరు దగ్గర వాల్వ్ తెరవకండి. వచ్చినవాళ్లని కూడా ఈ ముల్లు ఎందుకు పడుతోందో తేల్చకుండా తెరవనివ్వకండి."

ఆవిడ ఆయన్నీ గేజునూ మార్చి మార్చి చూసింది. రోగి చెప్పేది నమ్మాలా, చార్టులో ఉన్నది నమ్మాలా అని ఎన్నిసార్లు తేల్చుకుని ఉంటుందో.

"ముక్కులున్న మా ఇద్దరికీ ఏమీ తెలియలేదు. ముక్కు లేని ఆ ముల్లుకి తెలిసింది. మీరే తేల్చండి, కూర్చుంటాను" అంది.

మేస్త్రి కొత్త వాల్వ్ కట్టేసి కొత్త గొట్టాన్ని విడిగా చూశాడు. ముల్లు కదల్లేదు. అంటే తన పనిలో లోపం లేదు. పాత పైపు వైపు గేజు పెట్టి చూశాడు. జారింది. ఆ పైపు గోడ వెంట పోయి, సింకు కింద అరలో ఒక మలుపు తిరిగి బయటికి వెళుతుంది. సింకు కింద బకెట్లు, పాతగుడ్డలు, ఫినాయిలు సీసాలు. మలుపు వాటి వెనకెక్కడో ఉంది. మేస్త్రి భుజాలు ఆ తలుపులో పట్టలేదు.

మరిది కాసేపు చూశాడు. ఆ తర్వాత చొక్కా చేతులు మడిచి, "జరగండి" అని, సామానంతా బయటికి లాగి, నేలమీద వెల్లకిలా పడుకుని తల లోపల పెట్టాడు. మేస్త్రి గ్యాసు కొద్దిగా వదిలి, టార్చి, కుంచె అందించాడు.

"రాశారా?"

"రాశాను. ఏమీ లేదు. నురగే... ఆగండాగండి. ఇది ఊపిరి తీసుకుంటోంది మేస్త్రి గారూ!"

మలుపు దగ్గర, పైపు అడుగున ఆవగింజంత బుడగ లేచి, శనగగింజంత అయ్యి, పగిలి, మళ్లీ లేస్తోంది. మేస్త్రి వెంటనే మీటరు దగ్గరికి వెళ్లి కట్టేశాడు.

మేట్రన్ గారు నెమ్మదిగా కూర్చుంది. "మోకాళ్లు పట్టేశాక ఆ తలుపు తీయడమే మానేశాను. ఎప్పుడన్నా తీసినా ఫినాయిలు వాసనే కొట్టేది" అంది. గొంతులో ఎప్పటి గట్టిదనం లేదు.

పాత మలుపు విప్పి చూస్తే లోపల మరలు తుప్పు పట్టి పొట్టు రాలుతున్నాయి. కొత్తది బిగించారు. మళ్లీ గేజు పెట్టి పావుగంట ముగ్గురూ ముల్లుకేసి చూస్తూ కూర్చున్నారు. అది గోడకు కొట్టిన మేకులా కదలకుండా ఉంది. అప్పుడే ఓవెన్‌ని ఇద్దరూ చెరోవైపూ పట్టుకుని గూట్లోకి ఎక్కించి, ముందుకు ఒరగకుండా రెండు పక్కలా స్క్రూలు బిగించారు.

వెలిగిస్తే మంట నీలంగా, నిలకడగా వచ్చింది. కిటికీలు తెరిచే ఉంచి, ఖాళీ ఓవెన్‌ని గంటసేపు వేడెక్కనిచ్చారు. మరిది మధ్యలో రెండుసార్లు అలమర పక్కపలక మీద అరచెయ్యి పెట్టి చూశాడు.

"గోరువెచ్చగా ఉందంతే" అన్నాడు. తర్వాత, "ఆ వెనక పలక ఉండుంటే?"

"ఈపాటికి మీరు చెయ్యి పెట్టేవారు కాదు."

మరిది తల ఊపాడు. కొంతసేపటికి తనే, "కొత్త ఇనుము వాసన వస్తోంది. ఎండలో పెట్టిన ట్రంకుపెట్టె తెరిచినట్టు. కాస్త నూనె కూడా కలిసింది" అన్నాడు. ఎవరూ అడగలేదు. మేస్త్రి కళ్లు మూసుకుని, "ఊఁ, గుర్తుంది" అన్నాడు.

ఇంటికి వెళ్లి భార్యతో, "చెప్పేశాను" అన్నాడు. ఆమె వివరం అడగలేదు. "అన్నం పెట్టనా?" అంది. పెట్టాక ఎదురుగా కూర్చుని, "నాలుగేళ్లుగా మీరు నిద్రలో పళ్లు కొరుకుతున్నారు, తెలుసా?" అంది.

మర్నాడే లైసెన్సు ఆఫీసుకు వెళ్లాడు. గుమస్తా కాగితం అటూ ఇటూ తిప్పి, "ముక్కుకి ఇందులో గడి లేదండీ" అన్నాడు. గడి లేకపోతే అంచులో రాయమన్నాడు మేస్త్రి. విషయం పై అధికారి దాకా పోయింది. వాళ్లు ఒక గదిలో పైపులు బిగించి, ఎక్కడో సన్నగా కారేలా పెట్టి, కనిపెట్టమన్నారు. కనిపెట్టాడు. అయినా ఒక షరతు రాశారు: ఇకనుంచి పని జరిగేచోట వాసన తెలిసిన తోటి పనివాడు ఒకరు పక్కన ఉండి తీరాలి. అది న్యాయమేననిపించింది ఆయనకు. పేటలో రెండు మూడు ఇళ్లవాళ్లు ఆయన్ని పిలవడం మానేశారు. వాళ్లనూ ఏమీ అనలేదు.

ఆ పక్కనుండే మనిషి మరిదే అయ్యాడు. అతనికిప్పుడు ఓవెన్ అలమరల పని వస్తే, చెక్క తెచ్చేముందే మేస్త్రికి కబురు వెళుతుంది. ఒకరు పుస్తకం చదివి కొలతలు చెబుతారు, ఇంకొకరు గీత గీస్తారు.

మొన్నొక ఉదయం కొత్తగా కాపురం పెట్టిన జంట ఇంటికి ఇద్దరూ వెళ్లారు. ఓవెన్ పెట్టె విప్పబోతూ మరిది గట్టిగా తుమ్మాడు. ఆ వెంటనే ఇంకోటి. మేస్త్రి చేతిలోని పానా పనిముట్ల సంచిలో పడేశాడు.

"జలుబా?"

"రాత్రినుంచీ. ఏమీ తెలియట్లేదు."

మేస్త్రి ఆ ఇంటావిడ వైపు తిరిగి, "ఏమనుకోకండమ్మా. ఇవాళ మా ఇద్దరికీ కలిపి ఒక్క ముక్కు కూడా లేదు. ఎల్లుండి వస్తాం" అన్నాడు. ఆ అమ్మాయి తెల్లబోయి చూస్తుండగానే, ఇద్దరూ పనిముట్లు సర్దుకుని వీధి మలుపులో టీ తాగడానికి వెళ్లిపోయారు.