ముప్పై ఎనిమిది మిల్లీమీటర్ల లోపం

అరంగుళం అత్తకు ఆ పేరు ఊరికే రాలేదు. దుకాణంలో తల వంచుకుని తోలు కోస్తూనే, వీధిలో పోయేవాళ్ల అడుగుల చప్పుడు విని "కుడికాలు, అరంగుళం" అనేసేది. ఆ మాట చెవిన పడ్డవాళ్లు మొదట చిన్నబుచ్చుకునేవాళ్లు. తర్వాత లోపలికొచ్చి కూర్చునేవాళ్లు. ఆర్నెల్లు తిరిగేసరికి ఆమెను సొంత మనిషిలా చూసుకునేవాళ్లు. యాభై ఎనిమిదేళ్ల ఈ మనిషికి తండ్రి నేర్పిన పని ఒకటే. రెండు కాళ్లూ ఒకే పొడవు లేనివాళ్లకు బూట్లు కుట్టడం. ఒక బూటు అడుగు పల్చగా ఉంటుంది, రెండోది మందంగా ఉంటుంది. పైకి చూస్తే తేడా తెలియకూడదు, నడిస్తే కుంటు తెలియకూడదు.

ఆమె కొలత తీసే పద్ధతి చూసి తీరాలి. మనిషిని ఒట్టి కాళ్లతో నిలబెట్టి, కళ్లు మూసుకోమని, పొట్టి కాలి కింద పల్చటి తోలు బిళ్లలు ఒక్కొక్కటే పెడుతూ పోయేది. "నేల చదునైందా?" "ఇంకా లేదత్తా." "ఇప్పుడో?" ఎక్కడో ఒక బిళ్ల దగ్గర మనిషి భుజాలు వాటంతటవే దిగేవి. అప్పుడు బిళ్లలన్నీ తీసి దొంతి కొలిచేది. బుద్ధెరిగాక చదును నేల మీద నిలబడటం అదే మొదటిసారైన కొందరు అక్కడే కళ్లు తుడుచుకునేవాళ్లు. అత్త చూడనట్టే ఉండేది.

ఆ వీధికి ఉత్తరాలు తెచ్చే పోస్టమ్మాయి కూడా అలా దొరికిపోయిందే. పద్నాలుగేళ్ల కింద ఏదో కార్డు ఇవ్వడానికొస్తే, అత్త తలెత్తకుండానే "ఎడమకాలు, అంగుళమున్నర" అంది. చిన్నప్పుడు తుంటి విరిగి సరిగ్గా అతకని కాలు అది. రోజంతా నడిచే ఉద్యోగం. అత్త బూట్లు లేకపోతే మధ్యాహ్నానికల్లా నడుం పట్టేసి, ఎవరింటి అరుగు మీదో కూలబడేది. ఏడాదికో జత అరగదీసేది, అత్త ఏడాదికో జత కుట్టిచ్చేది.

పోయిన ఏడాది కొత్త నిబంధన వచ్చింది. నాణ్యత ముద్ర లేకుండా ఎవరూ బూట్లు తయారుచేయకూడదు, అమ్మకూడదు. ముద్ర కావాలంటే ఒక జత ప్రయోగశాలకు పంపి పాసవ్వాలి. ఉద్దేశం మంచిదే, కాదనేదెవరు? నెలకే అడుగు ఊడిపోయే సరుకుతో జనం విసిగిపోయి ఉన్నారు. అయితే అది రాసిన పెద్దలకు బూటంటే ఫ్యాక్టరీలో గంటకు వెయ్యి ఊడిపడే వస్తువు. ఒక్కో జత ఒక్కో మనిషి కోసం పుడుతుందన్న ఊసే వాళ్లకు లేదు.

జిరాక్సు షాపులో పనిచేసే అత్త మరదలు దరఖాస్తు నింపి పెట్టింది. నింపి, మెల్లగా ఒక సలహా కూడా ఇచ్చింది.

"వదినా, శాంపిల్‌కి మామూలు జత పంపు. రెండూ సమానంగా ఉండేది. గొడవుండదు."

"సమానమైన జత నేనెప్పుడు కుట్టానే?"

"ఇప్పుడు కుట్టు. ఒక్కటేగా."

"చెయ్యని పని చూపించి, చేసే పనికి సర్టిఫికెట్ తెచ్చుకోమంటావా? నా పనేదో అదే చూసుకోనీ వాళ్లని."

ఇంకెవరైనా అయితే మరదలి మాట విని హాయిగా బయటపడేవాళ్లు. అత్త మాత్రం పదకొండు రోజులు కూర్చుని, తన చేతిలోని పనితనమంతా పోసి, పోస్టమ్మాయి కొలతకే ఒక జత కుట్టి పంపింది. అంతకంటే కష్టమైన కొలత ఆమె దగ్గర లేదు మరి. "నెల్రోజులు పాతవాటితో సర్దుకో, పాసై రాగానే అవే నీకిస్తా" అని ఆ అమ్మాయికి చెప్పింది.

నెల తర్వాత సంచీలో వచ్చాయి బూట్లు. రెండింటినీ ముక్కు నుంచి మడమ దాకా నిలువునా కోసేశారు. పరీక్షంటే అంతేనట. వెంట వచ్చిన రిపోర్టులో కుట్టుకు గట్టి మార్కులే వేశారు, తోలుకూ వేశారు. కింద ఎర్ర అక్షరాల్లో ఉంది: 'జతలో ఎత్తు తేడా ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లు. తీవ్ర లోపం. తిరస్కరించడమైనది. విచారణ ముగిసేవరకు తయారీ నిలిపివేయవలెను.'

అత్త ఆ కాగితం రెండుసార్లు చదువుకుంది. దాన్ని బల్ల మీద కొట్టింది. "ముప్పై ఎనిమిదే! అంగుళమున్నరంటే అంతే! నేను పెట్టింది సరిగ్గా ముప్పై ఎనిమిదే! వెంట్రుకవాసి తేడా లేకుండా కొలిచి, దాన్నే లోపమంటారా?"

ఆపమన్నారు కాబట్టి పని ఆపింది. మూడు నెలలు ఆ ఆఫీసు చుట్టూ తిరిగింది. చెప్పులరిగేలా తిరగడమంటే ఏమిటో ఆ బూట్లు కుట్టే మనిషికి అప్పుడు తెలిసొచ్చింది. ఒక కిటికీ దగ్గర ఇంకో కిటికీకి పొమ్మన్నారు, ఆ కిటికీలో సెలవన్నారు. ఈలోగా పోస్టమ్మాయి పాత బూట్ల మడమలు అరిగి ఒక పక్కకు ఒరిగిపోయాయి. వీధి మొదట్లో ఆమె అడుగు పడగానే అత్త పళ్లు కొరుక్కునేది. ఆ చప్పుడులో నొప్పి ఎంతుందో అత్తకు తెలుసు.

చివరికి విచారణ రోజు వచ్చింది. అధికారి మర్యాదస్తుడే. గదిలోకి వచ్చి, వీపు వెనక దిండు సర్దుకుని కూర్చున్నాడు.

"కుడికాలు, పావంగుళం," అంది అత్త. "నడుం నొప్పి ఎన్నేళ్ల నుంచి సార్?"

ఆయన బిత్తరపోయాడు. తర్వాత నవ్వాడు. తర్వాత, ఏమనుకున్నాడో, బూట్లు విప్పి లేచి నిలబడ్డాడు. అత్త సంచీలోంచి తోలు బిళ్లలు తీసి కళ్లు మూసుకోమంది, మూసుకున్నాడు. మూడో బిళ్ల దగ్గర ఆయన భుజాలు దిగాయి.

"బాగుందమ్మా," అన్నాడు కళ్లు తెరవకుండానే. "నిజంగా బాగుంది."

గండం గట్టెక్కినట్టే అనుకుంది అత్త. ఆయన కూర్చుని, బూట్లు తొడుక్కుని, ఫైలు తెరిచాడు. "కానీ జతంటే రెండూ సమానమని రూల్లో ఉందమ్మా. నేను రాయలేదు, కమిటీ రాసింది."

"ఆ కమిటీలో కాలు పొట్టివాళ్లు ఒక్కరున్నారా సార్?"

ఆయన ఫైల్లో ఇంకో పేజీ తిప్పాడు. "ఒక దారుంది. రెండు సమానమైన జతలు చెయ్యండి, ఒకటి పల్చగా, ఒకటి మందంగా. కొనేవాళ్లు ఇందులో ఒకటి, అందులో ఒకటి వేసుకుంటారు."

"మిగతా రెండూ?"

"దాంతో రూలుకు సంబంధం లేదు."

అత్తకు ఒళ్లు మండిపోయింది. "పారెయ్యడానికి కుట్టమంటున్నారా? ఏ కాలికీ పట్టని బూటు నా చేత్తో కుట్టాలా? దానిమీద నాణ్యత ముద్ర కూడా వేస్తారు కాబోలు!"

"వేస్తారు," అన్నాడాయన నిజాయితీగా. తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు. "విచారణ ముగిసింది కాబట్టి పాత నిలుపుదల ఇక లేదు. కొత్త ఆర్డరు పోస్టులో వస్తుంది. మీరు సంతకం పెట్టి తీసుకున్న క్షణం నుంచి నిషేధం. ఆ తర్వాత ఒక్క కుట్టు పడినా అచ్చులూ పనిముట్లూ అన్నీ పట్టుకుపోతారు. అప్పటిదాకా మీ ఇష్టం."

అత్త తిన్నగా దుకాణానికి వెళ్లి తోలు తీసింది. పోస్టమ్మాయి జత ముందు తెమలాలి. ఏడు రోజులు నడుమెత్తకుండా కుట్టింది. కుడి బూటు పూర్తయింది. ఎడమదానికి అడుగు అంటించి కుట్టడం మిగిలింది, ఇంకో నాలుగు రోజుల పని.

ఎనిమిదో రోజు వీధి మొదట్లో ఆ అడుగులే వినపడ్డాయి. పోస్టమ్మాయి గడప దగ్గర గోడ పట్టుకుని ఆగింది. చేతిలో రిజిస్టర్డ్ కవరుంది, దానిమీద ఆఫీసు ముద్ర ఉంది. ఇద్దరికీ అందులో ఏముందో తెలుసు.

"అత్తా, నేనిది ఇవ్వను," అంది ఆ అమ్మాయి గుసగుసగా. "'తలుపు తాళం' అని రాసి వెనక్కి పట్టుకుపోతా. మూడుసార్లు అలా రాయొచ్చు. నీకు నాలుగు రోజులు దొరుకుతాయి. ఈలోగా నా జత అయిపోతుంది, నీ సామానూ దక్కుతుంది. ఎవరడుగుతారు?"

అత్త బల్ల మీదున్న ఎడమ బూటు వైపు చూసింది. గోడకు వరసగా వేలాడే, ఒక్కో కాలి కొలతకు చెక్కిన కొయ్య అచ్చుల వైపు చూసింది. ఒక్క అబద్ధం, అదీ తను ఆడక్కర్లేని అబద్ధం. ఆ మాటకొస్తే అటువైపు వాళ్లు రాసినదాంట్లో నిజమెంత?

"నా తలుపు తెరిచే ఉంది," అంది చివరికి. "తెరిచే ఉందని రాయి. దొంగతనంగా చెయ్యాల్సిన పని నేనేమీ చెయ్యట్లేదు."

కవరు లాక్కుని, అడిగినచోట సంతకం పెట్టింది. తారీఖు వేసి, పక్కనే టైము కూడా వేసింది. తర్వాత లేచి తన బల్లను ఈడ్చుకొచ్చి సరిగ్గా గుమ్మంలో, వీధికంతా కనపడేలా వేసింది.

"అత్తా, ఈ నిమిషం నుంచి తప్పవుతుంది కదా?"

"అవుతుంది. కూర్చో. ఎడమకాలు ఇలా ఇవ్వు."