కార్తీకానికి ముందురోజు కడిగిన చేపల తొట్టి

ఇవాళ పక్కింట్లో తొట్టి కడుగుతుంటే పాచి వాసన వచ్చింది. మన పెరటి చేపల తొట్టెలు మీకూ గుర్తున్నాయా? ప్రతి కార్తీకంలో మా ఇంట్లో అందరి పేరునా దీపం పెడతాను, మా మేనత్త పేరున తప్ప.

చిన్నప్పుడు ఏటా చలికాలం ముందు మా తొట్టి కడగడం నా పని. ఆ ఏడు కార్తీకానికి ముందురోజు ఉదయం నేను పెంచిన నాలుగు కొర్రమేనులను గంగాళంలో వేసి, ఎగిరి బయట పడకుండా జల్లెడ మూసి, కొబ్బరి పీచుతో పాచంతా తోమాను. కొత్త నీళ్లు నింపి వచ్చేసరికి గంగాళం ఖాళీ. వంటింట్లో పులుసు ఉడుకుతోంది.

"రేపట్నుంచి కార్తీకం. నెల్లాళ్లు నీసు ముట్టుకోం కదేటే? అందుకే వండీసేను," అని నవ్వింది అత్త.

"నువ్వసలు మనిషివేనా అత్తా?" అని అరిచాను.

ఆ సాయంత్రం అందరూ కూర్చుని తేల్చారు, పెద్దపిల్లనై ఉండి అరిచాను కాబట్టి నేనే అత్తకు క్షమాపణ చెప్పాలని. ఆ పులుసు తింటూనే తేల్చారు.