టవర్‌కి నీళ్లు కొట్టిన జగన్మోహన్

జగన్మోహన్‌గారికి కాళ్లూ చేతులూ ఊరుకోవు. కాకినాడ కరెంటాఫీసులో రిటైరై, అమెరికాలో ప్లెయిన్స్‌బరోలో ఉన్న కూతురు రజిని దగ్గరికి వచ్చిన వారంలోపే వంటింటి అలమరాల తలుపులన్నీ విప్పి బిగించేశారు. అద్దె ఇల్లని రజిని మొత్తుకున్నా వినలేదు. ఇక లాభం లేదని ఆవిడ పనికి వెళ్లేటప్పుడు కార్‌లో ఎక్కించుకుపోవడం మొదలుపెట్టింది.

రజిని పని పాత కట్టడాల మరమ్మతు. ఇప్పుడు చేతిలో ఉన్నది నూటముప్పై ఏళ్లనాటి ఇటుక వాటర్ టవర్. పైనున్న ఇనప ట్యాంకు చూడ్డానికి బాగుండదని ఆనాటివాళ్లు దాని చుట్టూ కోటబురుజులా గోడ లేపేశారు. అడుగున బారెడు మందం, పైకి పోయేకొద్దీ సన్నం. గాలి కూడా దూరని ఉత్తుత్తి కమాను కిటికీలు. పై అంచులో వరస మీద వరస ముందుకు జరుగుతూ వచ్చిన ఇటుకలు. నీళ్లు దాచుకోవడానికి ఇంత సోకా అని జగన్మోహన్‌గారు మొదట నవ్వారు గానీ, నాలుగు రోజులు తిరిగేసరికి దానిమీద మోజు పుట్టింది.

ఆ టవర్‌కి పట్టిన రోగం సిమెంటు. ఎవరో ఎప్పుడో ఇటుకల సందుల్లో కూరారు. లోపలి చెమ్మని అది బయటికి పోనివ్వక ఇటుకలు పొరలుగా రాలుతున్నాయి. కూల్చేద్దామని టౌన్‌వాళ్లు. సిమెంటు తీసేసి మునుపటిలా సున్నం పెడితే నిలుస్తుందని రజిని. అయితే గోడలో ఓ ముక్క చేసి చూపించమన్నారు. అది నచ్చకపోతే టవర్ నేలమట్టమే.

రజిని ఆ ముక్క పూర్తిచేసి, తడి గోనెపట్టాలు కప్పి, ఫోన్ మాట్లాడ్డానికి కార్‌లోకి వెళ్లింది. జగన్మోహన్‌గారు పట్టా ఎత్తి చూశారు. కొత్త పని, పైన నీటిచుక్క లేదు. సొంతిల్లు కట్టించినప్పుడు రెండు పూటలా పైపు పట్టుకుని సిమెంటు గోడలు తడిపింది ఆయనే. ఇక ఆగుతారా? పక్కనే ఉన్న పైపు తిప్పి తనివితీరా కొట్టారు. పచ్చి సున్నం పాలలా కారిపోయింది.

రజిని వచ్చి చూసి ఒక్క మాటా అనలేదు. ఆ మౌనానికి ఆయన ఇంట్లో కూర్చోలేక, నించోలేక, అపార్ట్‌మెంట్ చుట్టూ తిరుగుతూనే ఉన్నారు.

మర్నాడు టౌన్ ఇంజనీర్ వచ్చి, ఏమైందని అడిగాడు.

“మిక్స్ పలచనైంది. తప్పు నాదే,” అంది రజిని ఇంగ్లీషులో.

“అంటే సున్నం ఇక్కడ నిలవదన్నమాట,” అని అతను వెనుదిరిగాడు.

తండ్రి పరువు కోసం కూతురు టవర్‌ని వదులుకుంటోందని అప్పుడర్థమైంది జగన్మోహన్‌గారికి.

“సార్, ఐ పుట్ వాటర్. ఫుల్ పైప్. షి డోంట్ నో,” అంటూ అడ్డం వెళ్లి, పైపు ఎలా పట్టుకున్నారో చేత్తో చూపించారు.

ఇంజనీర్ నీళ్లు తగలని మూల గోరుతో గీకి చూశాడు. రాలలేదు. చలి ముదరకముందే మళ్లీ చేసి చూపించమని చెప్పి వెళ్లాడు.

కార్ స్టార్ట్ చేస్తూ రజిని అందుకుంది. “నిన్ను పైపు ఎవరు తిప్పమన్నారు నాన్నా? నన్నొక్క మాట అడిగితే ఏం పోయింది? అన్నిట్లో చెయ్యి పెట్టడమేనా?”

హైవే ఎక్కినా ఆపలేదు. తిడుతున్నకొద్దీ ఆయనకి నిన్నటి బరువు దిగుతోంది. ఇంకా తిట్టమ్మా అనబోయి, ఏడుపొస్తుందేమోనని కిటికీ వైపు తిరిగారు.