గుమ్మం మీది అంకె

దక్షిణ కొరియాలోని దేగు నగరంలో ముప్ఫయ్యేళ్లు కాలేయం మీద పరిశోధన చేసిన ప్రొఫెసర్ ప్యో గిసోక్‌కి రేపు వీడ్కోలు సభ. ఆయన పరిశోధన పత్రాలను లోకం రెండువేల నూటనలభై సార్లు ఉదహరించిందని ల్యాబు గుమ్మానికి అప్పుడే బ్యానరు కట్టేశారు. లోకం తీరే అంత, ఎన్నిసార్లు తలిచారో లెక్కపెడుతుంది గానీ ఎందుకు తలిచారో అడగదు.

బియ్యప్పిండి మిఠాయి నములుతూ ఆయన, తన శిష్యురాలు సోన్హా రాసిన కొత్త పత్రం తిరగేశాడు.

"ఇది కిడ్నీల గురించి కదమ్మా! చివర ఉదహరించిన వాటి జాబితాలో నా కాలేయం పత్రాలు అయిదు ఎందుకున్నాయి?"

"మన ల్యాబు ఆచారం కద్సార్! చేరిన రోజే సీనియర్లు చెప్పేశారు, ముందు సార్‌వి అయిదు పెట్టు, తర్వాతే నీ బుర్ర పెట్టు అని." నవ్వేసింది.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. పదిహేడేళ్ల కిందట ఈ అంకె చాలక ప్రమోషను తప్పిపోయినప్పుడు ఆ మాట శిష్యులతో మొదట అన్నది తనే. ఈ ఒక్క ఏడాదికే అని అప్పుడు అన్నాడు. ఇక చాలని మాత్రం ఎన్నడూ అనలేదు.

"తీసెయ్యి."

"అంకె తగ్గిపోతుంది సార్!"

ఆయన కుర్చీ ఎక్కి బ్యానరు తాళ్లు విప్పుతుంటే సోన్హా కంగారుగా కుర్చీ పట్టుకుంది.

"మరి రేపు సభలో ఏం చెప్పాలి సార్?"

"ఆ ఆచారం ఎవరు పెట్టారో నేనే చెప్తాను" అన్నాడు, ఆమె కేసి చూడలేక.